‘ఆచూకీ తెలిస్తే చెప్పండి’ అని ఫార్వర్డ్ వస్తే ఒక్క నిమిషం ఆగండి

బెంగళూరులో మారతహళ్లి, మున్నేకొళ్లాల వైపు ఉండే తెలుగువాళ్లు ఎవరైనా కనీసం మూడు నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఉంటారు. పీజీ గ్రూపు, అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్ల గ్రూపు, పండక్కి ఊరెళ్లే బస్సుల గ్రూపు, ఆపైన ఒక కులం గ్రూపు (బయటికి చెప్పరు గానీ చాలామంది ఫోన్లలో ఉంటుంది). వీటన్నిట్లో అప్పుడప్పుడూ తిరిగే మెసేజ్ ఒకటుంది. అమ్మాయి ఫొటో, కింద పేరు, వయసు, ఎత్తు, ఊరు, చివరిసారి వేసుకున్న చుడీదార్ రంగు, తర్వాత “ఇంట్లో చెప్పకుండా వెళ్లిపోయింది, బెంగళూరులో ఉన్నట్టు సమాచారం, తల్లి మంచం పట్టింది, ఆచూకీ తెలిసినవాళ్లు ఈ నంబరుకి ఫోన్ చెయ్యగలరు, అందరికీ షేర్ చెయ్యండి”.

మొన్న మా గ్రూపులో అలాంటిదొకటి పడితే కాసేపట్లోనే ఎవరో కుర్రాడు “మా సందు చివర టిఫిన్ సెంటర్ దగ్గర చూసినట్టుంది బ్రో” అని జవాబిచ్చి, దాని కింద మ్యాప్ లొకేషన్ కూడా పెట్టాడు. మంచి మనసుతోనే పెట్టాడు, అందులో నాకు అనుమానం లేదు. నేను వెంటనే అడ్మిన్‌కి ఫోన్ చేశాను. ఆయన రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, నెమ్మదస్తుడు.

“పాపం కన్నవాళ్లమ్మా, వాళ్ల బాధ వాళ్లది. మనం సాయం చెయ్యకపోతే ఎట్లా?”

“అంకుల్, ఆ నంబరు పోలీస్ స్టేషన్‌ది కాదు, ఎవరో మేనమామది. కేసు నంబరు లేదు, స్టేషన్ పేరు లేదు. ఆ అమ్మాయికి ఇరవై మూడేళ్లని మెసేజ్‌లోనే ఉంది.”

“అయితే?”

“అయితే ఆ అమ్మాయి తప్పిపోలేదేమో అంకుల్. తప్పించుకుందేమో.”

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత “సరే, తీసేస్తాలే” అని తీసేశారు. అప్పటికే అది ఎన్ని గ్రూపులకి వెళ్లి ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. శనాదివారాల్లో ఒక లాయరక్కతో కలిసి, ఇల్లు వదిలొచ్చిన ఆడవాళ్లకీ, పెద్దలకి చెప్పకుండా పెళ్లి చేసుకుని ఈ ఊరొచ్చిన జంటలకీ ఫోన్లూ, అకౌంట్లూ సర్దిపెట్టే పని చేస్తుంటాం. సంస్థ అని పెద్ద పేరేమీ లేదు, నలుగురం ఉంటాం. అనంతపురం, చిత్తూరు, కర్నూలు, నెల్లూరు వాళ్లకి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దొరికే పెద్ద ఊళ్లలో బెంగళూరు ఒకటి కదా, అందుకని మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అటువైపు వాళ్లే. కింద రాసిన మనుషుల వివరాలు కొన్ని కావాలనే మార్చాను, ఎవరినీ పోల్చుకోవడానికి ప్రయత్నించకండి.

ఈ పనిలో నాకు మొదట అర్థమైంది ఏంటంటే, మనం వినే సైబర్ జాగ్రత్తలన్నీ ఎవరో ముక్కూమొహం తెలియని దొంగని దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. ఓటీపీ చెప్పకు, లింకు నొక్కకు, పాస్‌వర్డ్‌లో గుర్తులు పెట్టు. మంచివే. కానీ పారిపోయి వచ్చిన మనిషిని వెతికేది మొగుడు, అన్న, బావ, పెదనాన్న. వాడికి ఆమె పుట్టినతేదీ తెలుసు, తల్లి పేరు తెలుసు, చిన్నప్పటి ముద్దుపేరు తెలుసు, ఏ గుడికి వెళ్తుందో, పిల్లాడికి ఏ మందు పడదో, ఏ దిగులొస్తే ఏ స్నేహితురాలికి ఫోన్ చేస్తుందో అన్నీ తెలుసు. వాడికి హ్యాకింగ్ అవసరం లేదు. నెట్‌లో అందరి కోసం పెట్టిన చిన్నచిన్న ముక్కలు చాలు, ముగ్గులో చుక్కలు కలిపినట్టు కలుపుకుంటూ పోతాడు. అందుకే “అకౌంట్లు మూసేసుకో, ఫొటోలు పెట్టకు” అని ఆమెకి చెప్పి చేతులు దులుపుకోవడం నాకు ఒళ్లు మండే విషయం. బయటపడేది చాలావరకూ ఆమె పెట్టింది కాదు, ఆమె గురించి ఆఫీసులూ, దుకాణాలూ, బడులూ, మనలాంటి వాళ్లూ పెట్టింది.

ఓటరు జాబితా సంగతి చూడండి. ఎన్నికల సంఘం సైటులో ఎవరైనా పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, రాష్ట్రం కొట్టి వెతకొచ్చు. దొరికితే నియోజకవర్గం, పార్టు నంబరు, పోలింగ్ బూత్ పేరు వస్తాయి. బూత్ అంటే సాధారణంగా ఇంటి దగ్గర్లోని బడి, అంటే పేట తెలిసిపోయినట్టే. తర్వాత ఆ పార్టు జాబితా పీడీఎఫ్ దించుకుంటే చిన్నచిన్న గళ్లలో ఒక్కో మనిషికీ పేరు, సంబంధీకుల పేరు, ఇంటి నంబరు, వయసు, ఆడా మగా అని ఉంటాయి. పోనీ ఈ పీడీఎఫ్ బొమ్మలా ఉంటుంది కాబట్టి అందులో పేరు టైపు చేసి వెతకడం కుదరదు. వెతకడానికి వీలైన రూపంలో ఇవ్వమని కాంగ్రెస్ నాయకులు సుప్రీంకోర్టుకి వెళ్తే 2018లో కోర్టు కాదంది. అదొక మేలు. కానీ పార్టు నంబరు ముందే తెలిసినవాడికి ఆ కొద్ది పేజీలు కళ్లతో చదవడం పెద్ద పనా? పగబట్టినవాడికి తీరిక ఎక్కువ.

మా దగ్గరికొచ్చిన ఒకావిడ, నెల్లూరు వైపు మనిషి, బెంగళూరు వచ్చాక చేసిన మొదటి పని ఓటు ఇక్కడికి మార్చుకోవడానికి ఫారం నింపడం. ఆధార్‌లో చిరునామా మార్చింది కాబట్టి ఇదీ మార్చేద్దామని. ఆమె తప్పేముంది, మంచి పౌరురాలు చేసే పనే. ఇంకా పంపలేదు కాబట్టి లాయరక్క ఆపింది. “నువ్వు ఓటు మారిస్తే నీ ఇంటి నంబరు నీ మొగుడికి గవర్నమెంటే అచ్చేసి ఇస్తుందమ్మా” అంది. ఆమె నమ్మలేదు. ఫోన్‌లో ఆమె పాత పేరూ, భర్త పేరూ కొట్టి చూపిస్తే నెల్లూరు బూత్ పేరుతో సహా వచ్చింది. అప్పుడు నమ్మింది.

ప్రమాదంలో ఉన్నవాళ్ల కోసం వేరే ఏర్పాటు ఉన్న దేశాలున్నాయి. బ్రిటన్‌లో ప్రాణభయం ఉందని రుజువు చూపిస్తే జాబితాలో పేరూ చిరునామా రెండూ ఉండవు, ఒక నంబరూ దాని పక్కన ఒక అక్షరమూ మాత్రమే ఉంటాయి. ఆస్ట్రేలియాలో చిరునామా కనిపించకుండా ఓటరుగా ఉండొచ్చు, దాన్ని సైలెంట్ ఎలక్టర్ అంటారు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం 1991లోనే ఇంకో పద్ధతి మొదలుపెట్టింది, ప్రభుత్వమే ఒక బదులు చిరునామా ఇస్తుంది, ప్రభుత్వ ఆఫీసుల్లో అదే రాసుకోవచ్చు, ఉత్తరాలు అక్కడికొచ్చి అక్కణ్నించి అసలు ఇంటికి చేరతాయి. వాళ్లకీ ఊరికే రాలేదు ఈ తెలివి. 1989లో లాస్ ఏంజిలిస్‌లో ఒక యువ నటిని వెంటపడి వేధించినవాడు ఆమె ఇంటి గుమ్మంలోనే కాల్చి చంపాడు. ఆ చిరునామా ఒక ప్రైవేట్ డిటెక్టివ్ ద్వారా కాలిఫోర్నియా వాహనాల శాఖ రికార్డుల్లోంచి సంపాదించిందే. ఆ తర్వాత 1994లో ఆ రికార్డులకి తాళం వేస్తూ చట్టం చేశారు. మన దగ్గర బండి నంబరు కొడితే ఓనరు పేరు మొత్తం కనిపించే రోజులుండేవి, ఇప్పుడు ప్రభుత్వ యాప్‌లో అక్షరాల మధ్య చుక్కలు పెడుతున్నారు, అదీ మంచిదే. ఓటరు జాబితాకి మాత్రం అలాంటి ఏర్పాటు మనకి లేదు. దొంగ ఓట్లు పట్టుకోవాలంటే జాబితా బహిరంగంగా ఉండాలి, దాంతో నాకు పేచీ లేదు. లక్షల మందిలో ప్రాణభయం ఉన్న కొద్దిమందికి మినహాయింపు ఇస్తే ఎన్నికలేం మునిగిపోవు.

ఇక పెళ్లి నోటీసు. దీని గురించి తలుచుకుంటే నాకు ఇప్పటికీ టెన్షనే. స్పెషల్ మ్యారేజ్ యాక్టు 1954 నాటిది. వేర్వేరు మతాలవాళ్లు మతం మారకుండా పెళ్లి చేసుకోవాలంటే సాధారణంగా ఇదే దారి. (ఇద్దరూ హిందువులే, కులాలు వేరు అయితే హిందూ వివాహ చట్టం ఉంది, దానికి ఈ నోటీసు గొడవ లేదు, ఇది తెలియక అనవసరంగా ఇరుక్కునే జంటలూ ఉన్నారు.) ఇద్దరిలో ఒకరైనా 30 రోజులు ఆ జిల్లాలో ఉండి దరఖాస్తు పెట్టాలి, ఆఫీసులో నోటీసు అంటించాలి, 30 రోజులపాటు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. చాలామందికి ఇక్కడిదాకా తెలుసు. తెలియనిది 6వ సెక్షన్‌లో ఉంది. ఎవరి శాశ్వత నివాసం వేరే జిల్లాలో ఉంటే ఆ జిల్లా ఆఫీసుకి కూడా నోటీసు కాపీ పంపాలి, అక్కడా అంటించాలి. అంటే అనంతపురం నుంచి పారిపోయి వచ్చి బెంగళూరులో దరఖాస్తు పెట్టుకుంటే, పేర్లూ చిరునామాలతో ఆ కాగితం తిరిగి అనంతపురమే వెళ్లి అక్కడి గోడమీద అంటుకుంటుంది! అక్కడ పనిమీద వచ్చే డాక్యుమెంటు రైటర్లకీ, బ్రోకర్లకీ ఊళ్లో తెలియనివాళ్లుండరు. గోడమీద ఉంటేనే ఇంత ప్రమాదం. కేరళలో అయితే ఈ నోటీసుల్ని వెబ్‌సైటులో కూడా పెట్టేవాళ్లు. మతాంతర జంటల నోటీసులు ఎవరో దించి సోషల్ మీడియాలో తిప్పడం మొదలుపెట్టాక 2020 జులైలో ఆన్‌లైన్‌లో పెట్టడం ఆపేశారు. 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు, జంట కోరుకుంటేనే నోటీసు ప్రకటించాలని తీర్పు ఇచ్చింది, కానీ అది ఉత్తరప్రదేశ్ కోర్టు.

మిర్యాలగూడలో 2018 సెప్టెంబరులో జరిగింది ఎవరూ మర్చిపోయి ఉండరు. కులాంతర పెళ్లి చేసుకున్న ప్రణయ్‌ని ఆసుపత్రి నుంచి బయటికొస్తుంటే, గర్భవతి అయిన భార్య పక్కనుండగానే చంపేశారు. ఆ కేసులో తీర్పు రావడానికి 2025 దాకా పట్టింది. “అంతలా ఎవరు వెతుకుతారండీ” అని నాతో ఎవరైనా అంటే నేను ఆ ఊరి పేరు చెప్పి ఊరుకుంటాను.

ఇందాక చెప్పిన నెల్లూరు ఆవిడ సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఓటు ఆపడం తేలికే, బతుకుతెరువు ఆపడం కుదరదు. ఆవిడకి చేతిలో ఉన్న విద్య పచ్చళ్లు. గోంగూర, పండుమిర్చి, చేపల పచ్చడి, కందిపొడి. కే.ఆర్.పురం దగ్గర చిన్న ఇంట్లో మొదలుపెట్టింది, ఈ ఊళ్లో ఐటీ పిల్లలు ఉన్నంతకాలం ఆంధ్రా పచ్చడికి గిరాకీ తగ్గదు. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ చేయించుకుంది, అన్నీ పద్ధతిగా. ఒకరోజు సీసా నా చేతికిచ్చి “ఎట్లుందక్కా స్టిక్కరు?” అని అడిగింది. పసుపుపచ్చ కాగితం మీద ఎర్ర అక్షరాలు, మధ్యలో అమ్మవారి బొమ్మ, కింద పద్నాలుగు అంకెల రిజిస్ట్రేషన్ నంబరు, దాని కింద ఆమె పేరు, డోర్ నంబరు, క్రాస్, మెయిన్, పిన్‌కోడ్, ఫోన్ నంబరు. ఆ సీసా ఫొటో ఇన్‌స్టాలో పెట్టి నెల్లూరు పచ్చళ్లు అని ట్యాగ్ చేసింది.

ఇక్కడ ఆమెని ఏమనాలి? తయారుచేసినవాళ్ల పేరూ పూర్తి చిరునామా లేబుల్ మీద ఉండాలన్నది నిబంధన. తినేవాళ్లకి అనారోగ్యం చేస్తే పట్టుకోవాలి కదా, సబబే. ఆ పద్నాలుగు అంకెల నంబరు సైటులో కొట్టినా చిరునామా వస్తుంది. నిబంధన పెట్టినవాళ్ల బుర్రలో ఉన్నది ఫ్యాక్టరీ, వంటిల్లే ఫ్యాక్టరీ అయిన ఆడమనిషి వాళ్ల బుర్రలో లేదు. తప్పుడు చిరునామా వేస్తే నేరం, ఆ పని మేం చెయ్యమనలేదు. చివరికి ఇంకో ఇద్దరు ఆడవాళ్లతో కలిసి రోడ్డు పక్కన చిన్న షట్టర్ అద్దెకి తీసుకుని వంట అక్కడికి మార్చింది, రిజిస్ట్రేషన్ ఆ చోటికి, షాపు పేరు మీద చేయించుకుంది. లేబుల్ మీద ఇప్పుడు ఆ షట్టర్ చిరునామా ఉంది, పగలు పదిమంది తిరిగే బజారు, ఎదురుగా పూలమ్మే కన్నడావిడ, పక్కన మెడికల్ షాపు. ఎవడైనా వచ్చినా కేక వేస్తే వినపడే చోటు. ఇల్లు మాత్రం ఇంకెక్కడో. అద్దె భారం పెరిగింది, అది నిజం. దాన్ని ఎవరు భరించాలి అన్నదానికి నా దగ్గర జవాబు లేదు.

లేబుల్ తర్వాత ఆవిడ ఫోన్ పట్టుకుని కూర్చున్నాం. మా పద్ధతి ఒక్కటే: వాడు వెతికినట్టు వెతకడం. వాడికి తెలిసిన పాత నంబరు, పాత మెయిలు, పుట్టింటి పేరు, అత్తింటి పేరు, కొడుకు పేరు, ఆవిడ చేతి పచ్చడి పేరు, అన్నీ ఒక్కొక్కటిగా కొట్టి చూస్తాం. ఆ రోజు బయటపడినవి చూస్తే ఆవిడ మొహం పాలిపోయింది. కొత్త నంబరు ట్రూకాలర్‌లో కొడితే ఆవిడ పేరు పక్కన “పికిల్స్ కే.ఆర్.పురం” అని వచ్చింది. ఆవిడ పెట్టుకోలేదు, ఎవరో కస్టమరు తన ఫోన్‌లో అలా సేవ్ చేసుకున్నారు, అది వాళ్ల కాంటాక్ట్స్‌లోంచి ఎక్కింది. (అకౌంట్ మూసేసి, తర్వాత నంబరు జాబితాలోంచి తీసేయమని వాళ్ల సైటులోనే కోరొచ్చు, తీసేస్తారు.) యూపీఐ యాప్‌లో నంబరు కొడితే బ్యాంకులో ఉన్న అసలు పేరు వచ్చేస్తుంది, కాబట్టి అనుమానం ఉన్న నంబరు ఆమెదేనా కాదా అని వాడు ఒక్క రూపాయి కూడా పంపకుండానే తేల్చుకోవచ్చు. దీనికి మేం కనిపెట్టిన ఉపాయం, వ్యాపారం నంబరు ఆ షట్టర్‌లోని ఇంకో ఆవిడ పేరు మీద తీసుకోవడం. గూగుల్ మ్యాప్స్ సంగతైతే ఇంకా విచిత్రం. పాత మెయిలుతో పిల్లల డాక్టరుకి నాలుగు నక్షత్రాలిచ్చి “డాక్టర్ గారు ఓపిగ్గా చూస్తారు” అని రాసింది, అంతకుముందు ఎప్పుడో నెల్లూరులో చీరల షాపుకి ఇచ్చిన రివ్యూ పక్కనే ఈ కొత్త రివ్యూ. ఆ పేరు మీద నొక్కితే రెండూ ఒకే పేజీలో. భర్తకి ఆ చీరల షాపు తెలుసు. రివ్యూలు తీసేశాం, ప్రొఫైల్ అందరికీ కనపడకుండా సెట్టింగ్ మార్చాం, తర్వాత మొత్తానికి కొత్త మెయిలు చేశాం. ఇన్‌స్టాలో కాంటాక్ట్స్ సింక్ ఆపేశాం, లేకపోతే ఆడపడుచు ఫోన్‌లో “మీకు తెలిసినవారేమో” అని ఈవిడే ప్రత్యక్షమవుతుంది.

గూగుల్ వెతుకులాటలో ఎవరిదైనా ఇంటి చిరునామా, ఫోన్ నంబరు కనిపిస్తుంటే తీసేయమని అడిగే వీలు 2022 నుంచి ఉంది. గుర్తుంచుకోవాల్సింది, అది గూగుల్ ఫలితాల్లోంచే పోతుంది, అసలు పేజీలో అలాగే ఉంటుంది.

బడి గురించి క్లుప్తంగా. పిల్లాడి టీసీ కోసం పాత బడికి కొత్త బడి పేరు రాసి పంపితే ఆ బడి గుమస్తా నోటి నుంచి తండ్రికి చేరుతుంది, కాబట్టి ముందు కొత్త బడి ప్రిన్సిపల్‌తో ఎదురుగా కూర్చుని మాట్లాడండి. యూనిఫాం వేసుకున్న ఫొటో, బడి పేరున్న బ్యానర్, వార్షికోత్సవం వీడియో, ఈ మూడూ ఫేస్‌బుక్ పేజీకి ఎక్కకూడదని రాసి సంతకం పెట్టించుకోండి. ర్యాంకులొస్తే ఫ్లెక్సీలు కట్టే సంస్కృతి మనది, పేపర్లో ఫొటో వెయ్యకపోతే నామోషీ అనుకునే బళ్లు ఉన్నాయి, కాబట్టి మాటవరసకి చెప్తే లాభం లేదు.

చట్టం ఏం చేస్తోంది అంటారా. అంతరంగిక జీవితం ప్రాథమిక హక్కు అని తొమ్మిది మంది సుప్రీంకోర్టు జడ్జీలు 2017 ఆగస్టు 24న తేల్చారు, ఆ కేసు వేసిన పుట్టస్వామి గారు ఈ బెంగళూరులోనే ఉండిన రిటైర్డ్ జడ్జి. అదే సంవత్సరం జనవరిలో కర్ణాటక హైకోర్టు ఒక తండ్రి మొర విని, ఆయన కూతురి పేరు కోర్టు ఆర్డర్లో నెట్‌లో వెతికితే కనపడకుండా చూడమని చెప్పింది. సర్టిఫైడ్ కాపీలో ఉంటుంది, నెట్‌లో వెతికితే దొరకదు, నాకు చాలా తెలివైన మార్గం అనిపిస్తుంది. ఆ తర్వాత 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నిబంధనలొచ్చాయి. ఎంతో ఆశపడి చదివితే మూడో సెక్షన్‌లోనే ఉంది: మనిషి తనంతట తాను బహిరంగం చేసిన వివరాలకీ, చట్ట ప్రకారం బహిరంగం చెయ్యాల్సి వచ్చిన వివరాలకీ ఈ చట్టం వర్తించదు. ఓటరు జాబితా, పెళ్లి నోటీసు లాంటివి రెండో కోవలోకే వస్తాయి. ఇన్‌స్టా పోస్టు మొదటి కోవ. మా దగ్గరికొచ్చేవాళ్ల కష్టమంతా ఆ రెండు మినహాయింపుల్లోనే ఉంది!

ఆఫీసుల అలవాటు ఎలాంటిదో తెలియాలంటే 2017 మేలో ఇదే ఊళ్లోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఇచ్చిన రిపోర్టు చాలు. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లు చూసి, వాటి ద్వారా 13 కోట్లకి పైగా ఆధార్ నంబర్లు బయటపడి ఉండొచ్చని అంచనా వేశారు. అందులో రెండు మన ఆంధ్రప్రదేశ్‌వే, ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, రెండోది చంద్రన్న బీమాది. ఎవరూ తాళం పగలగొట్టలేదు, తలుపే తెరిచిపెట్టి ఉంది. పారదర్శకత పేరు చెప్తారు. లెక్కలు బహిరంగంగా ఉండాలి, ఒప్పుకుంటాను. ఊరికి ఎంత డబ్బొచ్చిందో, ఎవరు మింగారో జనానికి తెలియాల్సిందే. దానికి వితంతు పింఛను తీసుకునే మనిషి పేరూ, ఇల్లూ, బ్యాంకు ఖాతా పక్కపక్కన అచ్చువెయ్యాలా?

కేసు పెట్టేటప్పుడు కూడా ఒక చిక్కుంది, ఇది లాయరక్క చెప్పిందే. గృహహింస చట్టం కింద ఆమె ప్రస్తుతం తలదాచుకున్న ఊళ్లోనే కేసు వెయ్యొచ్చు, చట్టం అంత వెసులుబాటు ఇచ్చింది. కానీ బెంగళూరు కోర్టు నుంచి సమను వెళ్లిందంటే, ఆమె బెంగళూరులో ఉందని కోర్టే భర్తకి చెప్పినట్టు. వాయిదా తేదీ, కోర్టు హాలు ఆన్‌లైన్‌లో ఉంటాయి. కాబట్టి ఎక్కడ వెయ్యాలి అన్నది ప్రయాణ ఖర్చులు చూసి తేల్చుకునేది కాదు. అదే చట్టంలో 16వ సెక్షన్ కింద విచారణ మూసిన తలుపుల వెనక జరపమని కోరొచ్చు, 18వ సెక్షన్ కింద ఫోన్‌లో గానీ మెసేజ్‌లో గానీ ఆమెని సంప్రదించకూడదని ఆర్డరు తెచ్చుకోవచ్చు, ఆ ఆర్డరు మీరితే జైలు. నెట్‌లో ఆమె ఏం చేస్తోందో కాపుకాసి చూడటం కూడా భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం నేరమే, మొదటిసారికి మూడేళ్ల వరకు. ఈ సెక్షన్ సంగతి తెలియని స్టేషన్లు ఉన్నాయి, కాబట్టి కాగితం మీద రాసుకుని వెళ్లండి.

జంటలకైతే 2018 మార్చిలో శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఉంది: బెదిరింపులున్న జంటల కోసం ప్రతి జిల్లాలో ప్రత్యేక సెల్ ఉండాలి, తలదాచుకోవడానికి సేఫ్ హౌస్ ఏర్పాటు సంగతి రాష్ట్ర ప్రభుత్వాలు ఆలోచించాలి అని. ఎస్పీ ఆఫీసుకి రాసి ఇచ్చేటప్పుడు ఆ కేసు పేరు ప్రస్తావించి, ఫిర్యాదులో ప్రస్తుత చిరునామా బదులు లాయరు చిరునామా ఇవ్వండి. మాకు తెలిసినంతలో పోలీసులు దీనికి కాదనరు, ఎందుకు అలా ఇస్తున్నారో చెప్తే చాలు.

ఇక ఆ ఫార్వర్డు దగ్గర చెయ్యగలిగింది చెప్తాను. మెసేజ్‌లో స్టేషన్ పేరూ కేసు నంబరూ ఉన్నాయా చూడండి. ఉంటే, మీకు ఏదైనా తెలిస్తే, ఆ స్టేషన్‌కే చెప్పండి, గ్రూపులో రాయొద్దు, మెసేజ్‌లో ఇచ్చిన సొంత నంబరుకి అసలే వద్దు. చిన్నపిల్లలు తప్పిపోతే 1098 ఉంది, 112 ఉంది, అక్కడ ఒక్క నిమిషం కూడా ఆలస్యం చెయ్యకూడదు. మేజరు అయిన మనిషి అయితే పోలీసులు ఆమె దొరికాక వాంగ్మూలం తీసుకుంటారు, ఇష్టపడి వచ్చానంటే ఆమె దారిన ఆమెని వదలాలి. ఆ మనిషి మీ పీజీలోనో మీ ఆఫీసులోనో కనిపిస్తే, కుదిరితే ఆమెకే నెమ్మదిగా చెప్పండి: నీ ఫొటో తిరుగుతోంది, ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యి, ఈ రెండ్రోజులు టిఫిన్ ఇంకో చోట తిను.